పెద్ద పనికి చిన్న హద్దులు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుని ప్రసంగ పాఠము)



మేము పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. మా తెలుగు కొంత బజారులో నేర్చినది, కొంత ఆఫీసు కాగితాలలో నేర్చినది. ఆ రెండూ కలిసిన భాషలోనే నాలుగు మాటలు మనవి చేసుకుంటాము. అలాగే వినమని కోరుతున్నాము.

మన సంఘం ఈ సంవత్సరం ఒక పెద్ద పని తలపెట్టింది. పట్టణంలోని మన మొహల్లాలలో ఇంటింటికీ వెళ్ళి, ఏ ఇంట్లో బడి మానిన పిల్లలున్నారు, ఏ ఇంట్లో పింఛను రాని వితంతువు ఉన్నది, ఎవరికి ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్‌లో ఇంకొక పేరు ఉన్నది, ఎక్కడ మంచం పట్టిన ముసలివాళ్ళున్నారు, ఇవన్నీ రాసి ఒక రిజిస్టరు తయారు చెయ్యాలని తీర్మానము. తీర్మానము చదివినప్పుడు అందరూ చేతులెత్తారు. మేమూ ఎత్తాం. చదవటానికి అది ఒకే ఒక్క వాక్యం. చెయ్యటానికి మాత్రం కొన్ని వందల సాయంకాలాల పని.

ఆ రోజే ఒక పెద్దాయన లేచి "ఈ పని ఎవరిది?" అని అడిగారు. "అందరిదీ" అని జవాబు వచ్చింది. అందరి పని సంగతి మనకు తెలియనిది కాదు. వీధి చివర బోరింగు అందరిదీ. అందరూ కొడతారు, బిందెలు నింపుకుంటారు. వాషరు అరిగితే మార్చే మనిషి మాత్రం ఉండడు.

తరువాత కార్యవర్గంవారు నాలుగు కమిటీలు వేశారు. విద్యా కమిటీ, వైద్య కమిటీ, పింఛన్ల కమిటీ, కాగితాల కమిటీ. మంచిదే, కమిటీలు కావాలి. కాని మనవి ఏమిటంటే, కమిటీ వెయ్యటం అంటే మనుషులను పంచుకోవటం. పనిని పంచటం ఇంకా కాలేదు. ఈ పద్ధతిలో ఒక బీద ఇంటి తలుపు నాలుగుసార్లు నాలుగు కమిటీలు తడతాయి. ఒకరు పిల్లల సంగతి అడుగుతారు, ఒకరు అవ్వ సంగతి అడుగుతారు. మూడోవాళ్ళు వచ్చేసరికి ఆ ఇల్లాలు "మొన్ననే రాసుకుని పోయారు గదా" అని తలుపు వేసుకుంటుంది. ఆమెను తప్పు పట్టలేము. ఇంకొక వైపు, ఏ కమిటీ అడుగూ పడని సందులు మిగిలిపోతాయి. ఇవాళ మేము మాట్లాడదలచింది ఈ విషయమే. పెద్ద పనిని ఏ విధంగా ముక్కలు చెయ్యాలి, ఆ ముక్కలను మళ్ళీ ఏ విధంగా కలపాలి.

దీనికి దూరం పోనక్కరలేదు. మనవాళ్ళకు దావత్ చెయ్యటం వచ్చు. వెయ్యిమంది వలీమాకు బావర్చీని పిలిస్తే అతను మనుషుల లెక్క అడిగి, దాన్ని వెంటనే దేగ్‌ల లెక్కలోకి మార్చేస్తాడు. ఇన్ని దేగ్‌లు, ఇన్ని పొయ్యిలు, ఒక్కొక్క దేగ్ దగ్గర ఒక మనిషి. ఒక దేగ్ అంటే మూత తీసేసరికి వడ్డించటానికి సిద్ధంగా ఉండే పూర్తి బిర్యానీ. మాంసం అంతా ఒకడు, బియ్యం అంతా ఒకడు, ఉప్పు అంతా ఒకడు చూసుకుంటే ఆ రోజు అతిథులు ఏం తిని పోతారో ఆలోచించండి. దేగ్ చెడితే ఆ ఒక్క దేగ్ చెడుతుంది, ఎవరి చేతిలో చెడిందో తెలుస్తుంది, మిగతా దావత్ నిలబడుతుంది. దస్తర్‌ఖాన్ దగ్గర కూడా అంతే, ఈ వరస ఈ కుర్రవాళ్ళది, ఆ వరస ఆ కుర్రవాళ్ళది. తిండి దగ్గర ఇంత తెలివి ఉన్న మనకు సర్వే దగ్గర ఎందుకుండదు అని మాకు అప్పుడప్పుడు నవ్వు వస్తుంది.

ఇక అసలు ఉదాహరణకు వస్తాము. ఉపాధ్యాయులైన మాకు జనాభా లెక్కల డ్యూటీ తప్పదు. 2011 లెక్కలలో మేము ఎన్యూమరేటర్లుగా తిరిగినవాళ్ళము. ఉద్యోగంలో చేరిన కొత్త అది. అందరిలాగే మేము కూడా మొదట విసుక్కున్నాం. కాని ఆ పని సాగిన పద్ధతిని చూసిన తరువాత, ఇంత పెద్ద దేశంలో ఇంత పెద్ద పని ఎట్లా జరుగుతున్నదో అర్థమైంది.

మన దేశంలో జనాభా లెక్కల ప్రయత్నం 1872లో ఒకసారి జరిగింది గాని, అది అన్ని చోట్లా ఒకే సమయంలో జరగలేదు. దేశమంతటా ఒకే సమయానికి లెక్కించటం 1881లో మొదలైంది. అక్కడినుంచి 2011 దాకా పదేళ్ళకొకసారి తప్పలేదు. 2021లో జరగవలసినది కోవిడ్ వల్ల వాయిదా పడి, దేశంలో ఎక్కువ భాగానికి 2027 మార్చి 1వ తేదీ ప్రమాణంగా లెక్కలు జరుగుతాయని 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటించింది. 2011లో తేలిన జనం 121 కోట్లు. ఆ లెక్క తీసినవాళ్ళు సుమారు 27 లక్షలమంది. దేశంలో అప్పుడు జిల్లాలు 640, గ్రామాలు ఆరు లక్షల నలభై వేలకు పైన. ఈ అంకెలు వింటే గుండె జారిపోతుంది. అయితే మాకు 121 కోట్లతో ఏమీ పని లేదు. మా చేతికి ఇచ్చింది ఒక బ్లాకు. నూరు, నూటయాభై ఇళ్ళు ఉండే ఒక ముక్క. దానికి ఉత్తరాన ఏ రోడ్డు, దక్షిణాన ఏ కాలువ అని హద్దులు రాసి ఇచ్చారు. అంతవరకే మా దేశం.

ఆ ముక్క పైన ఏముందో వినండి. ఆరుగురు ఎన్యూమరేటర్లకు ఒక సూపర్‌వైజరు. సూపర్‌వైజర్లందరికీ పైన ఛార్జి ఆఫీసరు, పల్లెల్లో అయితే తహశీల్దారు, పట్టణంలో అయితే మునిసిపల్ కమిషనరు. ఆయన పైన జిల్లా కలెక్టరు. ఆ పైన రాష్ట్రానికి డైరెక్టరు, ఢిల్లీలో రిజిస్ట్రార్ జనరల్. ఢిల్లీ నుంచి మా బ్లాకు దాకా మెట్లు ఆరో ఏడో. ప్రతి మెట్టు మీదా ఉన్న మనిషికి తన కింద ఉన్నవాళ్ళెవరో, తన హద్దు ఏదో తెలుసు. దేశంలో ఉన్న ప్రతి జాగా ఏదో ఒక ఛార్జిలో ఉండి తీరాలి, ఒకే ఒక ఛార్జిలో ఉండాలి. ఇది చాలా చిన్న మాటలాగా వినిపిస్తుంది. జనాభా లెక్కల ప్రాణమంతా ఈ మాటలోనే ఉంది. ఖాళీ ఉండకూడదు, ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు.

అందుకే లెక్క మొదలుపెట్టేముందు మా చేత పటం గీయించారు. లేఅవుట్ మ్యాప్ అంటారు. పెన్సిల్‌తో హద్దులు, వీధులు, మస్జిదు, గుడి, వాటర్ ట్యాంకు, వేపచెట్టు, అన్నీ వెయ్యాలి. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రికోణం. ప్రతి ఇంటికీ ఒక నెంబరు, ఏ ఇంటి తరువాత ఏ ఇంటికి పోవాలో చూపించే బాణం గుర్తు. ఒకే కట్టడంలో రెండు వాటాలుంటే పది కింద ఒకటి, పది కింద రెండు. మా డ్రాయింగు చూసి మా ఎనిమిదో తరగతి పిల్లలు నవ్వేవాళ్ళేమో గాని, ఆ పటం చేతిలో పట్టుకుని వీధిలో నిలబడితే మతి పోదు. ఎక్కడ ఆపామో, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మధ్యలో మాకు జ్వరం వస్తే ఇంకొకరు ఆ కాగితం తీసుకుని మా పని అందుకోగలరు. ముక్క బాగా కోసిందీ లేనిదీ తెలుసుకోవటానికి ఇదొక పరీక్ష. ఒకరి చేతిలోనుంచి ఇంకొకరి చేతిలోకి మారినప్పుడు అది చెదరకూడదు.

పని కూడా ఒకేసారి పెట్టలేదు. 2010లో మొదట ఇళ్ళ జాబితా. గోడ దేనితో కట్టారు, నీళ్ళెక్కడివి, కరెంటుందా అని 35 ప్రశ్నలు. ఆ తరువాత 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా మనుషుల లెక్క, 29 ప్రశ్నలు. ఫిబ్రవరి 28 రాత్రి, ఇల్లూ వాకిలీ లేక బస్టాండుల్లో, ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద పడుకునేవాళ్ళను లెక్క పెట్టారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్ళీ ఒకసారి అన్ని ఇళ్ళూ తిరిగి, ఈ మధ్యలో పుట్టినవాళ్ళను కలిపి, పోయినవాళ్ళను తీసివేశాం. ఇల్లు లేనివాళ్ళకోసం ఒక రాత్రి వేరుగా పెట్టారు చూడండి, అది మాకు బాగా నచ్చిన విషయం. ఇంటి నెంబర్ల లెక్కలో ఇమడనివాళ్ళు ఉంటారని ముందే ఊహించి, వాళ్ళకు కూడా ఒక ముక్క కేటాయించారు. మన సర్వేలో కూడా అటువంటివాళ్ళున్నారు. దర్గా దగ్గర పడుకునేవాళ్ళు, రైల్వే గేటు పక్క గుడారాలవాళ్ళు, పని కోసం ఆరు నెలలు వచ్చి పోయే కుటుంబాలు. వాళ్ళు ఏ మొహల్లా కిందికీ రారు గనుక ఏ మొహల్లా పెద్దా రాయడు. వాళ్ళకు ఒక ముక్క, ఒక మనిషి వేరుగా ఉండాలి.

పంచే ముందు ఒక మాట స్థిరపడాలి. దేన్ని ఒకటి అని లెక్కించాలి? జనాభా లెక్కలలో కుటుంబం అంటే రక్తసంబంధం కాదు. ఒకచోట ఉంటూ మామూలుగా ఒకే వంటలో భోజనం చేసేవాళ్ళు ఒక కుటుంబం. మా బ్లాకులో ఒక పాత మండువా ఇల్లు, ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన "మాదంతా ఒకటే ఖాందాన్, ఒకటే ఫారం రాయండి" అని గట్టిగా అన్నారు. లోపలినుంచి చిన్న కోడలు "పొయ్యిలు మూడు భాయీసాబ్" అన్నది. మూడు ఫారాలు రాశాం. పెద్దాయనకు కొంచెం కష్టమనిపించింది, చాయ్ మాత్రం ఇప్పించారు. ఇప్పుడు ఆలోచించండి. పొయ్యి లెక్కనా, గడప లెక్కనా, రేషన్ కార్డు లెక్కనా అన్నది ముందుగా చెప్పకుండా ఇరవైమంది కుర్రవాళ్ళను మొహల్లాలలోకి వదిలితే, ఒకడు ఆ ఇంటిని ఒకటిగా రాస్తాడు, ఇంకొకడు అట్లాంటి ఇంటినే మూడుగా రాస్తాడు. చివర కూడిక ఎంత సరిగా చేసినా వచ్చేది తప్పు లెక్కే.

ఉర్దూవాళ్ళము గనుక ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేయకుండా ఉండలేము. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పై చదువులు చెప్పదలచినప్పుడు పాఠ్యపుస్తకాలు లేవు. చరిత్ర, గణితం, భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం అన్నీ ఇంగ్లీషులోనే. అందుకని 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబ్ దాని మొదటి నాజిమ్. 1919లో తరగతులు మొదలైనాయి. పుస్తకాలను పంచటం సులభమే, నీకొకటి నాకొకటి. అయితే ఒక్కొక్క అనువాదకుడు ఒక్కొక్క మాట కల్పిస్తే, చదువుకునే కుర్రవాడు ఒకే వస్తువుకు నాలుగు పేర్లు నేర్చుకోవలసి వస్తుంది. అందుకని పరిభాషకు వేరే కమిటీలు కూర్చున్నాయి. వాటిలో ఆ శాస్త్రం తెలిసినవాళ్ళూ ఉన్నారు, భాష తెలిసినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఒప్పుకుంటేనే మాట నిలిచేది. పుస్తకాలు విడివిడిగా ఎవరి బల్ల మీద వారు రాసుకున్నారు, మాటలు మాత్రం కలిసి కూర్చుని తేల్చుకున్నారు. ఏది విడిగా చెయ్యాలి, ఏది కలిసి చెయ్యాలి అన్న వివేకం ఇదే. మన సర్వేకు కూడా ఫారంలోని పది పదిహేను మాటల అర్థం ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకుంటే చాలు. "బడి మానటం" అంటే ఎన్ని రోజులు పోకపోతే? "సంపాదన" అంటే రోజు కూలీయా, నెల లెక్కా? గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఈ ఇంటి మనిషేనా కాదా?

ఇక హద్దుల సంగతి. ఇది చెప్పటానికి మాకు కొంచెం బాధగా ఉంటుంది. ఇంకొక ఊరిలో, పేరు అనవసరం, ఒక సంఘంవారు ఇటువంటి పనే చేశారు. చాలా మంచి మనసుతో చేశారు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెట్టించటానికి ఒక జట్టుకు "మస్జిదు వెనుక" అనీ, ఇంకొక జట్టుకు "మార్కెట్ వైపు" అనీ పంచారు. మస్జిదు వెనుక గోడకూ మార్కెట్‌కూ నడుమ ఒక సన్నని సందు ఉంది. రిక్షా కూడా పట్టదు. ఆ సందు మార్కెట్ వైపుదని వీళ్ళనుకున్నారు, మస్జిదు వెనకదని వాళ్ళనుకున్నారు. ఎవరూ పోలేదు. రెండు జట్లూ మా పని నూటికి నూరు పూర్తయిందని లెక్క చెప్పాయి. ఎవరూ అబద్ధమాడలేదు. ఆ సందులో ఒక అమ్మాయి, మా దగ్గర ఏడో తరగతి దాకా చదివి ఆ ఊరు వెళ్ళిన పిల్ల, పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. తండ్రి లేడు. తల్లి బీడీలు చుడుతుంది. పక్క వీధిలో అందరి ఇళ్ళకూ వచ్చినవాళ్ళు మన ఇంటికీ వస్తారని వాళ్ళు ఎదురుచూశారు. తేదీ దాటిపోయింది. ఆ అమ్మాయి ఆ సంవత్సరం కాలేజీలో చేరలేదు. మరుసటేడు ఎవరో పెద్దమనిషి ఫీజు కట్టి చేర్పించారు, అది వేరే సంగతి. ఒక సంవత్సరం పోయింది గదా. ఆడపిల్ల ఇంట్లో ఒక సంవత్సరం కూర్చుంటే ఆమె గురించి ఇంట్లో ఏమేం ఆలోచనలు మొదలవుతాయో ఇక్కడున్న తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

"వెనుక", "వైపు", "చుట్టుపక్కల", ఈ మాటలు హద్దులు కావు. ఫలానా కిరాణా కొట్టు నుంచి ఫలానా కరెంటు స్తంభం దాకా, రోడ్డుకు ఎడమ పక్క ఇళ్ళు మాత్రమే అంటే హద్దు. పక్కపక్క ముక్కలు పుచ్చుకున్న ఇద్దరూ మొదటి రోజు కలిసి వెళ్ళి ఆ హద్దు మీద నిలబడి, ఈ గడప నీది, ఆ గడప నాది అనుకోవాలి. పావుగంట పని. ఆ పావుగంట జరిగి ఉంటే ఆ సందు మిగిలేది కాదు.

ముక్క ఎంత చిన్నది కావాలి అని మీరు అడగవచ్చు. మా బడి పద్ధతి చెబుతాము. సంవత్సరానికి ఒక ప్రణాళిక, దాని కింద యూనిట్లు, యూనిట్ కింద పాఠాలు, పాఠం కింద పీరియడ్. పీరియడ్ దగ్గర ఆగుతాము. గంట కొట్టేసరికి పిల్లవాడికి ఏదో ఒకటి పూర్తిగా అర్థమై ఉండాలి. దానికంటే చిన్నగా తరిగితే బోర్డు మీద రాయటానికి తప్ప దేనికీ పనికిరాదు. అదే విధంగా మనిషి ఒక వారం పది రోజులలో ముగించి, "అయింది" అని కాగితం తెచ్చి ఇవ్వగలిగినంత ఉండాలి ముక్క. ఆరు నెలల పని చేతికిస్తే అయిదు నెలలు అలమరాలోనే ఉంటుంది. ఇది కుర్రవాళ్ళ సంగతే కాదు, మా వయసువాళ్ళ సంగతి కూడా.

అయితే మరీ తరగటంలో కూడా నష్టముంది. ఒక చోట దరఖాస్తుల శిబిరంలో ఒకరు పేర్లు రాయటం, ఒకరు చిరునామా, ఒకరు బ్యాంకు నెంబరు, ఒకరు ఫోటో అంటించటం పెట్టుకున్నారు. మిల్లులాగా వేగంగా సాగింది. సాయంత్రానికి ఒక పిల్లవాడి ఫారం మీద ఇంకొక పిల్లవాడి ఫోటో, మూడోవాడి బ్యాంకు నెంబరు. ఎవరి ముక్క వాళ్ళు సరిగానే చేశారు, పిల్లవాడిని మాత్రం ఎవరూ చూడలేదు. కాబట్టి ఒక ఇంటి సంగతి మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి చేతిలో ఉండాలి. గడప ఎక్కినవాడే పిల్లల సంగతి, అవ్వ సంగతి, కాగితాల సంగతి అన్నీ రాసుకుని దిగాలి. కమిటీల పని తరువాత మొదలవుతుంది. రిజిస్టరు వచ్చాక పింఛన్ల కమిటీ తమ పేర్లు ఏరుకుంటుంది, విద్యా కమిటీ తమ పేర్లు ఏరుకుంటుంది. ఇంటింటి పని నేల ప్రకారం పంచుకుని, ఆ పైన చెయ్యవలసిన సహాయం విషయం ప్రకారం పంచుకోవాలి. ఈ రెండూ ఒకేసారి కలిపినందువల్లనే మొదట చెప్పిన ఇల్లాలు తలుపు వేసుకునేది.

ముక్కలు తిరిగి కలపటం గురించి ఎవరూ ఎక్కువ ఆలోచించరు. 2011లో మార్చి 5న మా పని ముగిస్తే, మార్చి 31న దేశ జనాభా తాత్కాలిక లెక్క ఢిల్లీలో ప్రకటించారు. 121 కోట్ల మనుషుల లెక్క నెల లోపల! అప్పటికి మేము రాసిన ఫారాలు కంప్యూటర్లలోకి ఎక్కలేదు. మరి ఎట్లా? ప్రతి ఎన్యూమరేటరూ చివర తన బ్లాకులో మొత్తం ఇంతమంది, మగవాళ్ళు ఇంత, ఆడవాళ్ళు ఇంత, ఆరేళ్ళ లోపు పిల్లలు ఇంత, చదువు వచ్చినవాళ్ళు ఇంత అని ఒకే ఒక కాగితం రాసి ఇచ్చాడు. సూపర్‌వైజరు ఆరు కాగితాలు కూడాడు. ఛార్జి ఆఫీసరు సూపర్‌వైజర్ల కాగితాలు కూడాడు. అట్లా మెట్టు మెట్టుగా పైకి పోయింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 8 కోట్ల 46 లక్షల చిల్లర అని తేలింది. తరువాత ఫారాలన్నీ చూసి ఖరారు చేసిన లెక్కకు, ఈ కూడికకు పెద్ద తేడా రాలేదు. కింద చేసిన ప్రతి చిన్న పని చివరా, పైకి పంపవలసిన ఒక చిన్న కాగితం ముందే అచ్చు వేసి ఉండటం వల్ల అది సాధ్యమైంది. మన సంఘాలలో కుర్రవాళ్ళు ఎండలో తిరిగి నోటు పుస్తకాలు నింపుతారు. ఆ పుస్తకాలు ఎవరికివ్వాలో తెలియక వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటాయి. రెండేళ్ళ తరువాత దీపావళికో రంజానుకో ఇల్లు సర్దుతూ వాళ్ళ అమ్మగారు పాత పేపర్లవాడికి వేస్తారు.

ఇంకొక సంగతి. జనాభా లెక్కలవాళ్ళు తమ లెక్కను తామే నమ్మలేదు. తరువాత వేరే మనుషులను పంపి, అక్కడక్కడ కొన్ని బ్లాకులను ఏరి, మళ్ళీ లెక్కించారు. 2011లో వెయ్యిమందికి సుమారు 23 మంది లెక్కలోకి రాలేదని తేలింది. ఆ సంగతి దాచిపెట్టలేదు, అచ్చు వేశారు. పల్స్ పోలియోలో కూడా చూశారు గదా, ఇంటింటికీ తిరిగేటప్పుడు గోడ మీద సుద్దతో రాసేవాళ్ళు. పిల్లలందరికీ చుక్కలు పడితే 'పి' అక్షరం. తాళం వేసి ఉన్నా, పిల్లవాడు ఊరెళ్ళినా, వద్దన్నా 'ఎక్స్' గుర్తు. మళ్ళీ వచ్చేవాళ్ళకు ఆ ఎక్స్ ఇళ్ళే పని. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, పోలియో లేని ప్రాంతమని సర్టిఫికెట్ 2014 మార్చిలో వచ్చింది. అయిన ఇళ్ళ గొప్ప చెప్పుకోవటం కంటే కాని ఇళ్ళ జాబితా చేతిలో పట్టుకుని తిరగటమే ఆ పని గెలవటానికి ఒక పెద్ద కారణమని మా ఉద్దేశ్యం. మన కాగితంలో కూడా "ఎన్ని ఇళ్ళు అయినాయి" అన్న గడి పక్కన "ఎన్ని మిగిలాయి, ఎందుకు" అన్న గడి ఉండి తీరాలి. ఆ గడి ఖాళీగా తెచ్చినవాడిని మెచ్చుకోకండి, ఒకసారి ఆ వీధికి వెళ్ళి చూడండి.

ఇప్పుడు మన పని. మాట వరసకు వెయ్యి ఇళ్ళు అనుకుందాం. నలభై ఇళ్ళకు ఒక ముక్క చేస్తే ఇరవై అయిదు ముక్కలు. ఒక ఇంటికి పావుగంట ఇరవై నిమిషాలు పడుతుంది. అస్ర్ తరువాత మగ్రిబ్ లోపల నాలుగైదు ఇళ్ళు. తాళాలు, పెళ్ళిళ్ళు, పవర్ కట్‌లు పోగా రెండు వారాలలో ఒక మనిషి తన ముక్క ముగించగలడు. అయిదు ముక్కలకు ఒక పెద్ద. పెద్దలు అయిదుగురు. ఆ అయిదుగురూ ప్రతి జుమా రోజు నమాజ్ తరువాత సెక్రటరీ సాహెబ్‌కు అయిదు కాగితాలు ఇవ్వాలి. అంతకంటే మెట్లు మనకు వద్దు. ఇంత చిన్న పనికి ఉపాధ్యక్షులు, గౌరవాధ్యక్షులు, సమన్వయకర్తలు అంటే, లెక్క రాసేవాళ్ళకంటే అడిగేవాళ్ళు ఎక్కువవుతారు.

ఒక మనిషి అన్నాము గాని, నిజానికి ఇద్దరు. పగటి వేళ మగవాళ్ళు ఇంట్లో ఉండరు, ఆడవాళ్ళు కొత్తవాడితో మాట్లాడరు. కాలేజీలో చదివే మన అమ్మాయిలు, టీచర్ ట్రైనింగ్ అయి ఖాళీగా ఉన్న ఆపాలు జట్టుకు ఒకరు ఉండకపోతే, వితంతువుల గడి, బడి మానిన ఆడపిల్లల గడి సగం ఖాళీగానే వస్తుంది. మనం ఈ సర్వే పెట్టుకున్నదే ఆ రెండు గడుల కోసం. తల్లిదండ్రులు పంపడానికి ఇష్టపడతారా అంటే, సొంత వీధి ముక్క ఇస్తే పంపుతారు. ఇది మేము నలుగురైదుగురు తల్లులను అడిగే చెబుతున్నాము.

వచ్చే ఆదివారం జుహర్ తరువాత సంఘం ఆఫీసులో పటం గీయటానికి కూర్చుందామని సెక్రటరీ సాహెబ్ ఒప్పుకున్నారు. పాత ఓటర్ల జాబితాలు, మునిసిపల్ వార్డు పటం ఒకటి వారి దగ్గర ఉన్నాయి. మునిసిపాలిటీ పటంలో లేని సందులు మనకు కావాలి, కాబట్టి పాల కేంద్రం వాళ్ళను, గ్యాస్ సిలిండర్లు వేసే మన కుర్రవాడిని కూడా పిలిచాము. ప్రతి గడపా వాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియదు. పెన్సిల్, రబ్బరు, స్కేలు ఎవరివి వారు తెచ్చుకోవాలి. పెద్ద డ్రాయింగు షీట్లు మేము బడినుంచి తెస్తాము. ఫారంలోని మాటల సంగతి పటం పూర్తయ్యాక అదే రోజు తేలుద్దాం. ముక్కలు పుచ్చుకోదలచినవాళ్ళు ఇప్పుడే గుమ్మం దగ్గర టేబుల్ మీదున్న పుస్తకంలో పేరు, తమ వీధి పేరు రాసి పోవలసిందిగా మనవి. దర్గా దగ్గరవాళ్ళ ముక్క, రైల్వే గేటు ముక్క ఇంకా ఎవరూ పుచ్చుకోలేదు.